తాడు ముట్టుకున్నవాళ్ళ వాటా

పద్మకుమారి టీచరు పాఠం ఎప్పుడూ ఒక వారం వెనకే ఉంటుందని మండలంలో అందరికీ తెలుసు. క్లస్టర్ మీటింగులో మిగతా బళ్ళవాళ్ళు భాగహారాలు దాటి భిన్నాల్లోకి వెళ్ళిపోయామని గొప్పగా చెప్పుకుంటుంటే, ఈవిడ ఇంకా భాగహారాల దగ్గరే ఉన్నానని తొణక్కుండా చెప్పేది. ఎందుకమ్మా అంటే, ఇంకా ఇద్దరికి రాలేదండీ అనేది. ఆ ఇద్దరి కోసం మిగతావాళ్ళందరినీ ఆపేస్తారా అని ఎంఈఓ గారు విసుక్కుంటే, ఆపడం లేదండీ, వాళ్ళే నేర్పుతున్నారు అనేది. ఆయనకు అది అర్థమయ్యేది కాదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఈవిడకు ఉండేది కాదు. బడి మరుగుదొడ్డి ఫోటో సర్కారు యాప్‌లోకి ఎక్కిందా లేదా అన్న దగ్గరికి మాట మళ్ళించి ఇద్దరూ బయటపడేవారు.

ఆవిడది చీపురుపల్లికి అవతల ఒక మెట్ట ఊరు. తండ్రి వాన పడితే వరి, పడకపోతే గోగు వేసేవాడు. గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు ఏళ్ళ తరబడి మాటలు మానేసిన ఊరు అది. ఎవరి చేను వారిది, ఎవరి కుప్ప వారిది. బడిలోనూ అంతే, పలకకు చెయ్యి అడ్డం పెట్టుకుని లెక్క చేసుకునేవారు. పద్మకుమారి కూడా అలాగే చదివి, మంచి మార్కులతో టీచర్ ట్రైనింగుకు విజయనగరం వెళ్ళింది. అక్కడ విద్యా తత్వశాస్త్రం అని ఒక పేపరు ఉండేది. చదువు ఎందుకు, అది మనిషిని ఏం చెయ్యాలి అన్న పెద్ద పెద్ద ప్రశ్నలు. వాటికి ఆదర్శవాదులు ఏమన్నారు, ప్రకృతివాదులు ఏమన్నారు అని లెక్చరరు గారు పచ్చబడిపోయిన నోట్సు చూసి చెబుతుంటే అందరూ తలొంచుకుని రాసుకునేవారు. విద్య పరమార్థం ఏమిటి అన్న ప్రశ్నకు పద్మకుమారి రెండు పేజీలు నింపి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. పరీక్ష అయిన మర్నాడు ఆ రెండు పేజీల్లో ఒక్క ముక్క గుర్తు లేదు. పక్కవాళ్ళకీ గుర్తు లేదు కాబట్టి ఆవిడ పెద్దగా బాధపడలేదు.

రేవుపేట బడికి వేసినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. సరుగుడు తోటలు దాటి, తారురోడ్డు అయిపోయి, ఇసకలో స్కూటీ కూరుకుపోయే చోట ఉంది ఆ ఊరు. రెండు గదులు, ఐదు తరగతులు, ఒక్కతే టీచరు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ ఆవిడను నువ్వు అనేవారు. మొదట్లో మనసు చివుక్కుమనేది. అంతకన్నా ఒళ్ళు మండించింది పిల్లల కాపీ. ఒక లెక్క ఇస్తే బడంతా ఒకటే జవాబు. తప్పయితే అందరిదీ ఒకటే తప్పు. విడివిడిగా కూర్చోబెడితే కళ్ళతోనూ వేళ్ళతోనూ చెప్పుకునేవారు. బెత్తం తీస్తే, చెప్పినవాడూ రాసినవాడూ వరసగా వచ్చి చేతులు చాచేవారు. దొంగ వెధవలు, పుట్టుకతోనే దొంగలు అని ఇంటికొచ్చి మొగుడితో చెప్పుకునేది.

ఒకనాడు బడికి ఒక్క పిల్లా రాలేదు. ఒడ్డున పెద్దవల లాగుతున్నారని తెలిసి, చెవులు పట్టుకుని ఈడ్చుకొద్దామని బయల్దేరింది. పెద్దవలను పడవలో తీసుకెళ్ళి సముద్రంలో నెలవంకలా దింపుతారు. రెండు కొసలకూ కట్టిన తాళ్ళను ఒడ్డు మీంచి ఊరంతా కలిసి లాగుతుంది. ఆడా మగా, ముసలీ ముతకా రెండు వరసలుగా నిలబడి లాగుతున్నారు. పిల్లలు తాడు చివర వేలాడుతున్నారు. ఆవిడ పిలుపును ఎవరూ చెవిన వేసుకోలేదు. తాడు తన మీదికి వస్తుంటే పడిపోకుండా పట్టుకుందో, ఆ ఊపు చూసి పట్టుకుందో ఆవిడకే తెలియదు, పట్టుకుని కాసేపు లాగింది. కుచ్చిళ్ళు తడిసి, అరచేతులు మండిపోయి, వదిలేసి బడికి వచ్చేసింది. మధ్యాహ్నం లక్ష్మణమ్మ గంపతో వచ్చింది. ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళకు ఆవిడే పెద్ద దిక్కు. దోసెడు కవళ్ళ చేపలు తీసి ఆకులో పెట్టి తరగతి గుమ్మంలో ఉంచింది. నాకెందుకమ్మా, నేను లాగిందెంత అని పద్మకుమారి మొహమాటపడింది.

"తాడు ముట్టుకున్నావు కదేటి. ముట్టుకున్నోళ్ళకి వాటా ఉన్నాది. ఎవులెంత లాగినారో మేం సూడం" అని లక్ష్మణమ్మ గంపెత్తుకుని వెళ్ళిపోయింది.

తర్వాత అడిగి తెలుసుకుంది. వల ఎవరిదో వాళ్ళకు సగం. మిగతా సగం తాడు పట్టిన చేతులకు. కండలున్నవాడికీ, చివర్న వేలాడిన పిల్లకీ ఒకటే వాటా. ఆ రాత్రి కవళ్ళ పులుసు తింటూ పద్మకుమారికి తన పిల్లల లెక్కలు గుర్తొచ్చాయి. వాళ్ళు దొంగలు కారు. వాటా పెడుతున్నారు. తనకు దొరికింది దాచుకోవడం ఆ ఊళ్ళో సిగ్గుమాలిన పని. తన ఊళ్ళో దాచుకోనివాడు చేతగానివాడు. ఇందులో ఏది చదువు? ట్రైనింగులో రెండు పేజీలు నింపిన ప్రశ్న అప్పుడు నిజంగా ఎదురొచ్చి కూర్చుంది, ఇప్పుడు చూసి రాయడానికి నోట్సు లేదు. అన్యాయంగా కొట్టానే అని దుఃఖం వచ్చింది. పులుసు బాగాలేదా అని మొగుడు అడిగాడు.

మర్నాటి నుంచి బెత్తం అటకెక్కింది. కొత్త పద్ధతి పెట్టింది. జవాబు చెప్పకూడదు, ఆ జవాబు ఎలా వచ్చిందో చెప్పాలి. వచ్చినవాళ్ళు రానివాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు తమంతట తాము చేసి చూపించేదాకా లేవకూడదు. అందరికీ వచ్చాకే తర్వాతి పాఠం. అప్పటినుంచీ ఆవిడ వారం వెనకబడిపోయింది. తెలివైన పిల్లల కాళ్ళకు బండ కడుతున్నారని మీటింగులో ఒకాయన అన్నాడు. ఐదో తరగతి దాటే పిల్లల్లో చదవడం రానివాళ్ళు ఒక్కరూ ఉండరని మాత్రం ఆవిడకు తెలుసు. ఆ మాట మీదే ఏళ్ళు గడిచాయి.

అలా వచ్చిన పిల్లే తులసి. తండ్రి దాలయ్య ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ వైపు వెరావల్ పడవల మీద ఉంటాడు. తల్లి చిన్నతల్లి గంపెత్తుకుని చుట్టుపక్కల ఊళ్ళలో చేపలమ్ముతుంది. తులసికి లెక్క ఇస్తే ముందు కళ్ళు మూసుకునేది, తర్వాత చటుక్కున చెప్పేసేది. లక్ష్మణమ్మ మనవరాలు ఝాన్సీకి భిన్నాలంటే జ్వరం వచ్చేది. ఝాన్సీ పక్కన తులసిని కూర్చోబెట్టింది పద్మకుమారి. వలకు సగం, మిగతా సగంలో నీకొక వాటా, నాకొక వాటా, మీ నానమ్మకొక వాటా అని గవ్వలు పేర్చి తులసి నేర్పిన తీరు టీచరుకే కొత్త. ఏడాది తిరిగేసరికి ఝాన్సీ భిన్నాలు గడగడా చేసేది.

రేవుపేటలో ఐదుతో బడి అయిపోతుంది. హైస్కూలు మండల కేంద్రంలో ఉంది. బస్సు లేదు, సరుగుడు తోటల్లోంచి నడిచి వెళ్ళాలి. మగపిల్లలు వెళ్ళేవారు, ఆడపిల్లలు మానేసి ఎండుచేపల పనికి కూర్చునేవారు. అందుకే గురుకులం సీటు మీద పద్మకుమారి ఆశలన్నీ పెట్టుకుంది. ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష, సీటొస్తే పదో తరగతి దాకా అక్కడే ఉండి చదువుకోవచ్చు. చిన్నతల్లి ముందే తేల్చి చెప్పేసింది. సీటొస్తే పంపుతాను, రాకపోతే నాతో గంపెత్తుతాది, తోడు లేకుండా ఆడపిల్లను ఆ తోటల్లోంచి పంపను అంది. దాలయ్య ఫోనులో అదే అన్నాడు. తులసి చదువు మొత్తం ఆ ఒక్క పరీక్ష మీద నిలబడింది.

తులసి, ఝాన్సీ ఇద్దరితో దరఖాస్తులు పెట్టించి, నెలల తరబడి తయారుచేసింది. జవాబుకు సున్నా ఎలా దిద్దాలి, ఏ పెన్ను వాడాలి, హాల్ టికెట్ ఎక్కడ పెట్టుకోవాలి, నీళ్ళు ఎప్పుడు తాగాలి, అన్నీ చెప్పింది. ఒక్క మాట చెప్పలేదు. అది చెప్పవలసిన మాటని ఆవిడకు తోచనే లేదు. పలకకు చెయ్యి అడ్డం పెట్టుకోమని ఆవిడకు చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు, ఆ ఊరి గాలిలోనే ఉండేది. రేవుపేట గాలిలో అది లేదన్న సంగతి ఇన్నేళ్ళకు ఆవిడ మర్చిపోయింది.

పరీక్ష చీపురుపల్లిలో. ఆటోలో ఇద్దరినీ తీసుకెళ్ళి, గేటు దాకా దిగబెట్టి, ఎదురుగా టీకొట్టు దగ్గర కూర్చుంది. సగం సమయం కూడా కాలేదు, తులసి బయటికొచ్చేసింది. అప్పుడే అయిపోయిందా అని పద్మకుమారి ముందు మురిసిపోయింది. పిల్ల మొహం చూశాక టీ గ్లాసు పక్కన పెట్టి లేచింది.

జరిగింది తులసే చెప్పింది. పక్క బల్ల మీద ఎవరో వేరే ఊరి పిల్ల కూర్చుంది. భిన్నాల లెక్క రాక ఏడుస్తోంది, కన్నీళ్ళు పేపరు మీద పడుతున్నాయి. తులసి అటు తిరిగి, వలకు సగం తీసెయ్ అని మొదలుపెట్టింది. ఇన్విజిలేటరు మాట్లాడొద్దని కసిరింది. గోల చెయ్యొద్దంటోంది కాబోలనుకుని తులసి గొంతు తగ్గించి, ఆ పిల్ల దగ్గరికి జరిగి చెప్పింది. ఈసారి పేపరు లాక్కుని బయటికి పంపేశారు.

"పక్కోళ్ళకి సెప్పకూడదా టీచర్?" అంది తులసి. కూడదంది పద్మకుమారి. "మరి ఆ సంగతి నాకు సెప్పలేదేటి నువ్వు?"

లోపలికి వెళ్ళి చీఫ్ సూపరింటెండెంటును బతిమాలుకుంది. ఆయన చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపించి, ఓపిగ్గా విన్నాడు. కేసు రాయలేదు, రాసినంతవరకూ దిద్దుతారు, అంతకు మించి నా చేతుల్లో ఏమీ లేదన్నాడు. ఆవిడ లేచి వస్తుంటే, పరీక్షలో మాట్లాడకూడదని కూడా తెలియని పిల్లకు ఏం చదువు చెప్పారమ్మా అన్నాడు. వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. ఇప్పుడు ఆవిడ దగ్గర తనదైన రెండు పేజీల జవాబు ఉంది. ఆ గదిలో అందులో ఒక్క వాక్యం కూడా నిలబడదని తెలిసి నమస్కారం పెట్టి వచ్చేసింది.

ఫలితాలు వేట నిషేధం రోజుల్లో ఫోనులో వచ్చాయి. పడవలన్నీ ఇసక మీద ఉన్నాయి, ఊరంతా ఇళ్ళలోనే ఉంది. ఝాన్సీకి సీటొచ్చింది. తులసి పేరు లేదు. తన బడి పిల్లకు గురుకులం సీటు వచ్చిందని సంతోషించాల్సిన పద్మకుమారి, ఆ సంతోషం రానందుకు తనను తాను తిట్టుకుంది. ఎక్కడైనా ఖాళీ ఉందేమోనని హాస్టళ్ళ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఎక్కడా లేదు. చివరికి చిన్నతల్లి ఇంటికి వెళ్ళింది.

చిన్నతల్లి గుమ్మంలో కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతోంది. కూర్చోమని అనలేదు, తల కూడా ఎత్తలేదు.

"మా తులసి గుంట నీ బడిలో టీచరు పని సేసినాది. అందరికీ సెప్పినాది. దానికి సదువు సెప్పినోళ్ళెవులు?"

చెబుతూ చెబుతూనే అది అంత బాగా నేర్చుకుందని పద్మకుమారి నాలుక చివరిదాకా వచ్చింది. అది నిజమే. ఆ నిజం ఆ గుమ్మంలో ఎవరికీ పనికిరాదు. తప్పు నాదే చిన్నతల్లీ అంది.

"నీదే. ఒప్పుకున్నావు, బాగుంది. మరి సీటేది?"

పద్మకుమారి లోపలికి తొంగి చూసింది. లోపల తులసి తన చిన్న తమ్ముడికి జడ వేస్తూ ఆడిస్తోంది, బయటికి రాలేదు.

బళ్ళు తెరిచాక పద్మకుమారి పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టింది. ఎవరి లెక్క వారే చెయ్యండి, పక్కకు చూడకండి అంది. పిల్లలు తెల్లబోయారు, టీచరుకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. పాఠాలు మాత్రం పరుగులు తీశాయి. మీటింగులో మొదటిసారి అందరితో సమానంగా ఉన్నానని చెబితే ఎంఈఓ గారు మెచ్చుకున్నారు. వారం చివర పలకలు చూస్తే ముగ్గురికి ఏమీ రాలేదు. ఆ ముగ్గురూ తలలు వంచుకుని కూర్చున్నారు, మిగతావాళ్ళు వాళ్ళ వైపు చూడలేదు. చూడొద్దని తనే చెప్పింది.

ఆ సాయంత్రం లక్ష్మణమ్మ బడికొచ్చి, సిన్నతల్లింటికి పోతన్నాను, నువ్వూ రా అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. వెళ్ళాక గుమ్మంలో చతికిలబడి నేరుగా మాటలోకి దిగింది.

"మా ఝాన్సీకి లెక్కలు నేర్పినది నీ గుంట. ఆ సీటు తాడు అది కూడా పట్టినాది. దాని వాటా మా ఇంట్లో ఉన్నాది. నాను తినేసి కూకుంటానేటి?"

"సీటుని కోసి సగం పెడతావేటత్తా?" అంది చిన్నతల్లి. ఆ గొంతులో ఎగతాళి ఉంది, దాని వెనక ఏడుపూ ఉంది.

లక్ష్మణమ్మ పట్టించుకోలేదు, తన ఏర్పాటు చెప్పింది. ఆవిడ రోజూ పొద్దున్నే చేపల ఆటోలో మండల కేంద్రానికి వెళ్తుంది, హైస్కూలు పక్కనే సంతలో కూర్చుంటుంది. తులసి తనతో ఆటోలో వస్తుంది. బడి తెరిచేదాకా గంపల దగ్గర కూర్చుని చదువుకుంటుంది. పచ్చి చేపలు మధ్యాహ్నానికి అయిపోతాయి కాబట్టి ఇకమీదట ఎండుచేపలు కూడా పెట్టుకుని, బడి వదిలేదాకా తను సంతలోనే ఉంటుంది. సాయంత్రం ఇద్దరూ కలిసి వస్తారు. పదో తరగతి అయ్యేదాకా ఇదే పద్ధతి, మధ్యలో నాకేదైనా అయితే మా కోడలు తీసుకెళ్తుంది అని ముగించింది. అరవై దాటిన మనిషి, మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి నడుం వాల్చే అలవాటున్న మనిషి, ఆ అలవాటును ఐదేళ్ళకు వదులుకుంటోంది.

చిన్నతల్లి చేటలోని నెత్తళ్ళను కెలికింది. చేపల వాసన కొడితే బడిలో పిల్లలు దగ్గరికి రానిస్తారా అని మాత్రం అడిగింది.

"వాసన వస్తాది. మనకి రావట్లేదేటి?" అంది లక్ష్మణమ్మ.

పద్మకుమారి వాళ్ళిద్దరి దగ్గరా సెలవు తీసుకుంది. ఇంటికి వెళ్తూ తోటల మధ్య స్కూటీ ఆపుకుని కళ్ళు తుడుచుకుంది. తన తప్పును ఆ ముసలావిడ సర్దిందన్న సిగ్గు ఉంది, తాను నమ్మింది పూర్తిగా తప్పు కాదన్న ఊరటా ఉంది. సోమవారం పిల్లలు వచ్చేసరికి బల్లలు మళ్ళీ దగ్గరికి జరిపి ఉన్నాయి. నెల తిరక్కుండా ఆవిడ మళ్ళీ వారం వెనకబడింది.

ఇదేమీ గురుకులం కాదు. వానాకాలంలో ఆటో ఇసకలో దిగబడితే తులసి మొదటి పీరియడ్ పోగొట్టుకుంటుంది. వాసనని వంకపెట్టి పక్కపిల్లలు కొన్నాళ్ళు దూరంగా జరిగారు. లెక్కల పీరియడ్‌లో మాత్రం వాళ్ళే దగ్గరికి వచ్చేవారు. చిన్నతల్లి ఇప్పటికీ టీచరుతో ముభావంగానే ఉంటుంది. ఉండటం న్యాయమేనని పద్మకుమారి అనుకుంటుంది.

హైస్కూలు నుంచి వచ్చాక తులసికి పాత బడికి రావడం అలవాటు. పిల్లలకు ప్రవేశ పరీక్ష ఉన్న రోజుల్లో పద్మకుమారి సాయంత్రాలు కూడా బడి నడుపుతుంది. ఒకరోజు తులసి వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. కిందటేడు చెప్పని మాట ఈ ఏడు ఆవిడ అన్నిటికన్నా ముందు చెబుతోంది. పరీక్ష గదిలో పక్కవాళ్ళకు ఏమీ చెప్పకూడదు, చెబితే పేపరు తీసేసుకుంటారు, బయటికొచ్చాక ఎంతైనా చెప్పుకోండి అంది. ఎందుకు చెప్పకూడదని ముందు వరసలో ఒక పిల్ల అడిగింది. పద్మకుమారి ఆలోచించింది. ఎవరికెంత వచ్చో పరీక్ష పెట్టేవాళ్ళకు విడివిడిగా తెలియాలట అంది. తెలిస్తే ఏం చేస్తారని ఆ పిల్ల మళ్ళీ అడిగింది. కొందర్ని తీసుకుంటారు, కొందర్ని వదిలేస్తారు అని ఉన్నమాట చెప్పింది.

పిల్లలు వెనక్కి తిరిగి తులసి వైపు చూశారు. పద్మకుమారి కూడా చూసింది. చాలా నెలలుగా లోపల ఉన్న మాట అప్పుడు అడిగింది.

"తులసీ, నిన్ను మళ్ళీ అదే గదిలో కూర్చోబెడితే ఏం చేస్తావే?"

తులసి లెక్కకు మూసుకున్నట్టే కళ్ళు మూసుకుంది. పేపరు గట్టిగా పట్టుకుంటాను టీచర్ అంది. పక్కకు చూడను అంది. పద్మకుమారి తలాడించింది. తులసి కళ్ళు తెరిచింది.

"పక్కనున్న గుంట ఏడిస్తే మాత్రం సెప్తాను" అంది.

అది తప్పని చెప్పాల్సింది టీచరే. పిల్లలు ఆవిడ నోటి వైపే చూస్తున్నారు. పద్మకుమారి సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగి, తర్వాతి లెక్క వేసింది.